ఒప్పుకోని మూడో కంప్యూటర్

మూడు కంప్యూటర్లూ ఒకే మాట చెప్పేదాకా నది గురించి ఊళ్లకు ఏ కబురూ పంపకూడదు. టాల్‌బెర్గ్ నది సంఘంలో కిందటేటి నుంచి ఇదే నియమం. వినడానికి బుద్ధిమంతుల నియమంలాగే ఉంటుంది. అలాంటి నియమాల దగ్గరే మనిషి ఎక్కువ ఏమరుపాటుగా ఉంటాడని ఆ ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు.

నియమం ఊరికే పుట్టలేదు. కిందటేడు ఏప్రిల్‌లో సంఘానికి ఉన్నది ఒకే ఒక్క విండోస్ ల్యాప్‌టాప్. అది ఉన్నట్టుండి వరద వచ్చేస్తోందని చెప్పింది. చలి ప్రాంతమైన మానిటోబాలో ఏప్రిల్ అంటే నది మీద మంచు విరిగే నెల, ఆవులు ఈనే నెల కూడా అదే. కబురు అందగానే గట్టు వెంబడి రైతులంతా నిండు చూలు ఆవుల్ని మోకాలి లోతు బురదలో ఎత్తు పొలాలకు తోలుకుపోయారు. ఆ రాత్రి గడ్డకట్టించే చలి పడింది కానీ చుక్క వరద రాలేదు. లెక్కకు సాయపడే కోడ్ మూటను లైబ్రరీ అంటారు, దాని పాత ముక్క ఒకటి కొత్తదాని పక్కనే ఉండిపోవడం వల్ల ల్యాప్‌టాప్ సగం లెక్క దానితోనూ సగం లెక్క దీనితోనూ చేసిందని తరవాత తేలింది. అది తేలేలోపు గట్టు పక్క రైతు రూనా పొలంలో తొమ్మిది దూడలు చచ్చిపోయాయి. రూనా భర్త మార్సెల్ ఆ దూడల్ని బండిలో వేసుకొచ్చి సంఘం ఆఫీసు మెట్ల ముందు ఆపి, అందరూ బయటికొచ్చి చూసేదాకా ఉండి వెళ్లిపోయాడు.

రూనా అక్క తోరా ఎయోల్ఫ్‌సన్. ఏ కంప్యూటర్‌లోనైనా ఏ లెక్కల సాఫ్ట్‌వేరైనా ఎక్కించగలదని విన్నిపెగ్ నగరంలో ఆమెకు పేరు. ఆ దూడల సంగతి విన్నాక అక్కడి ఉద్యోగం మానేసి ఈ చిన్న ఆఫీసుకు వచ్చింది. తన చెల్లెలి కొంపను ఇంకో కంప్యూటర్ ముంచకుండా చూసుకోవాలన్నదే ఆమె పట్టుదల. మూడు కంప్యూటర్ల నియమం ఆమె పెట్టిందే.

ఈ నది లెక్కల సాఫ్ట్‌వేర్ పేరు మస్క్‌రాట్. ఆఫీసు పెద్ద వాల్టర్ కొవల్చుక్‌కి చదువు చెప్పిన ప్రొఫెసర్ ఒకాయన ఎప్పుడో రాశాడు, ఆయన ఇప్పుడు లేడు. దాన్ని ఎక్కించడం ఫోన్‌లో బొమ్మ నొక్కినంత తేలిక కాదు. ప్రొఫెసర్ రాసిన లెక్కను యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ కావాలి, దాని వెనక అరడజను లైబ్రరీలు కావాలి, అవి ఒకదానికొకటి సరిపడాలి. లినక్స్‌లో సరిపడినవి మ్యాక్‌లో సరిపడవు, మ్యాక్‌లో సరిపడినవి విండోస్‌లో కనీసం మొహం చూసుకోవు. తోరా ఒక చలికాలమంతా వాటితో వేగి, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఒకే కంపైలర్‌తో, ఒకే వంటకంతో మస్క్‌రాట్‌ను నిలబెట్టింది. విండోస్‌లో ఆ కంపైలర్ ఎంతకీ కుదురుకోకపోతే విసుగొచ్చి, వేరే కంపెనీది తెచ్చి దానితో కానిచ్చింది.

ఆ వంటకంలో తోరాకు ముద్దైన దినుసు ఒకటుంది. కంపైలర్‌కి ఇచ్చే వేగం స్విచ్. అది వేస్తే రెండు గంటల పైచిలుకు పట్టే లెక్క నలభై నిమిషాల్లో అయిపోతుంది. దానికి ఒక షరతు ఉంది: లోపలికి వచ్చేవన్నీ సిసలైన అంకెలేనని, మధ్యలో ఖాళీలు ఉండవని మనం కంపైలర్‌కి మాట ఇచ్చినట్టు. ఈ షరతు చదివే వాళ్లు ఆ వృత్తిలో తక్కువ. చదివి ఆగిపోయే వాళ్లు ఇంకా తక్కువ. తోరా చదివింది. పాత వరద ఒకదాన్ని నమూనాగా పెట్టి పరీక్ష చేస్తే మూడు కంప్యూటర్లలోనూ అంకెలు అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఇంకేం కావాలి అనుకుంది.

చలికాలం పోయి మళ్లీ ఏప్రిల్ వచ్చింది. ఆ రోజు పొద్దున తోరా ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి ఒడెట్ ఫోంటేన్ కాఫీ కప్పు పట్టుకుని బల్ల మీద మూడు తెరల్నీ మార్చి మార్చి చూస్తోంది. ఊళ్లకు కబుర్లు రాసి పంపేది ఒడెట్. మ్యాక్ ఆమెది. నోరు కూడా ఆమెదే, ఆఫీసులో ఇంకెవరికీ అంత లేదు.

"రామ్మా తోరా! నీ మూడోవాడు మళ్లీ అలిగాడు చూడు," అంది.

"ఏమంటున్నాడు?"

"లినక్స్ నది పదహారు అడుగులకి లేస్తుందంటోంది. నా బంగారుకొండ కూడా పదహారే అంటోంది. నీ విండోస్ మహానుభావుడు మాత్రం ఇరవై రెండట! ఇరవై రెండంటే మీ చెల్లి వంటింట్లో చేపలు పట్టుకోవచ్చు."

రూనా పొలం దగ్గర గట్టు ఎత్తు పంతొమ్మిది అడుగులు. తోరా కోటు కూడా విప్పకుండా తెర ముందు కూర్చుంది. నిన్న పొద్దుటిదాకా మూడూ కలిసే ఉన్నాయి. ఒక్క రాత్రిలో ఏం మారింది? ఒక మూల చిన్న అక్షరాల్లో జవాబు కనిపించింది. విండోస్ రాత్రి తనంతట తనే అప్‌డేట్ చేసుకుంది. తోరాకు ఒళ్లు మండింది, ఆ వెనకే ప్రాణం కుదుటపడింది కూడా. దొంగ పేరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే అనిపించింది ఆమెకి.

అప్పుడే వాల్టర్ లోపలికొచ్చాడు. పెద్దాయన, అరవై దాటాయి, నది మీద పుట్టి పెరిగినవాడు. చేతిలో ఉల్లిపాయలు వేసి వేయించిన పెరోగీ కుడుముల డబ్బా ఉంది. కిటికీ దగ్గరికెళ్లి బయటకు చూశాడు. వారం నుంచీ పొగమంచు. పార్కింగ్ అవతల రోడ్డే కనిపించడం లేదు, ఇక నది ఎక్కడ కనిపిస్తుంది.

"ఇవాళ కూడా నదిని చూసొచ్చే విమానం లేవదట," అన్నాడు. "పైకి వెళ్లే దారి మంచు కరిగి బురదైపోయింది. కళ్లతో చూసే దిక్కు లేదు. అంతా మీ డబ్బాలే చెప్పాలి. పాత రైలు వంతెన దగ్గర నీటిమట్టం కొలిచే గేజ్ ఏమంటోంది?"

"నిన్న సాయంత్రం నుంచి పలకడం లేదు," అంది ఒడెట్. "బ్యాటరీ చచ్చుంటుంది. ప్రతి ఏప్రిల్‌లోనూ చస్తుందిగా, మీకు తెలియందా?"

"ప్రతి ఏప్రిల్‌లోనూ చస్తుంది," అని వాల్టర్ తల ఊపాడు, కానీ కిటికీ దగ్గరి నుంచి కదల్లేదు. "వంతెనకీ ఊరికీ మధ్య ఇంకో గేజ్ లేదు. ఉండుంటే బాగుండేది. నది పెరుగుతుంటే నాకు భయం లేదమ్మాయ్. పెరిగేది కళ్లకి కనిపిస్తుంది. ఏప్రిల్‌లో ఉన్నట్టుండి తగ్గిందనుకో, అప్పుడు పరిగెత్తాలి. పైన ఎక్కడో మంచు అడ్డం పడి నీళ్లన్నీ పట్టేసిందని అర్థం. అది విడిచిపెట్టినప్పుడు బూట్లు వేసుకునే టైం కూడా ఇవ్వదు."

"పొద్దున్నే మంచి మాటలు చెప్తారు మీరు," అంది ఒడెట్.

"రెండింటికల్లా నాకు ఒక అంకె కావాలి," అన్నాడు వాల్టర్ తోరా వైపు తిరిగి. "ఆవుల్ని తోలాలంటే వెలుతురు ఉండగానే తోలాలి. కిందటేటిలాగా ఇంకోసారి అయిందంటే ఈ సంఘం మాట ఎవడూ వినడు. మూడూ ఒకటి చెప్తేనే కబురు. చెయ్యగలవా?"

"చేస్తాను," అంది తోరా. గర్వంగానే అంది.

అప్‌డేట్‌ను వెనక్కి తిప్పింది. కంప్యూటర్ నిన్నటి స్థితికి వచ్చింది. మొత్తం లెక్క మళ్లీ పెట్టకుండా, వంతెన నుంచి రూనా పొలం దాకా ఉన్న ముక్క ఒక్కటే నడిపి చూసింది. ఇరవై రెండు.

లైబ్రరీలన్నీ పీకేసి మళ్లీ ఎక్కించింది. కిందటేటి పాత ముక్క ఏదైనా దాక్కుందేమోనని మూలమూలా వెతికింది. ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. నమూనా వరద పెట్టి పరీక్ష చేస్తే అన్నీ సరిగ్గానే వచ్చాయి. సంతోషంగా ఇవాళ్టి నదిని పెట్టింది. ఇరవై రెండు.

చెడిపోయిన సాఫ్ట్‌వేర్‌ను చూసినవాళ్లకి దాని లక్షణం తెలుసు. అది ఒకసారి ఒకటంటుంది, ఇంకోసారి ఇంకోటంటుంది, మరోసారి చేతులెత్తేసి పడిపోతుంది. ఇది అలా లేదు. ఎంత పీకినా, ఎంత కడిగినా, ఒకే అంకె, ఒకే నిదానం. తోరాకు ఆ నిదానం నచ్చలేదు. చెప్పిన మాట వినని పిల్ల మీద వచ్చినంత కోపం వచ్చింది దాని మీద. అసలు ఆ అంకె ఎందుకు వస్తోందని అడగాల్సిన మనిషి, ఇది ఎలా పోతుందా అని చూడటం మొదలుపెట్టింది.

రూనా ఫోన్ చేసింది.

"అక్కా, తోలమంటావా వద్దా? ఒక్క ముక్క చెప్పు."

"ఇంకా తేలలేదే. రెండింటిదాకా ఆగు."

"సగం మంద ఇవాళో రేపో అన్నట్టుంది. ఈ బురదలో కదిలిస్తే ఎన్ని దక్కుతాయో తెలీదు. కదిలించకపోతే... నీ కంప్యూటర్లు ఏమంటున్నాయి?"

"రెండు ఫరవాలేదంటున్నాయి. ఒకటి మాత్రం..."

"ఏది ఆ ఒకటి?"

"విండోస్."

రూనా పెద్దగా నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. "అదేగా కిందటేడు మా కొంప ముంచింది! దాని మాట ఇంకా వింటున్నారా మీరు? మార్సెల్ వింటే గొడ్డలి పట్టుకొస్తాడు. సరే, నాకు దాని గోల వద్దు. నేను అడుగుతోంది కంప్యూటర్లని కాదు, నిన్ను."

"రెండింటికి చెప్తాను రూనా. నేనే చేస్తాను ఫోన్."

ఫోన్ పెట్టేశాక ఒడెట్ కుర్చీ జరుపుకుని పక్కకు వచ్చింది. "నేనొక మాట చెప్పనా? నాకు ఈ లైబ్రరీలూ అవీ తెలీవు కానీ, ఇద్దరు ఒక మాట మీదుండి ఒకడు ఇంకో మాటంటే, మా ఇంట్లో అయితే ఆ ఒకడిదే తప్పు. ఆ రెండింటిలోనూ నువ్వు ఏ వంట వండావో అదే వీడికీ వండి పెట్టరాదూ?"

తోరా కూడా అదే అనుకుంటోంది. అసలు విండోస్‌లో వేరే కంపైలర్ పెట్టడమే తప్పేమో. చలికాలంలో ఓపిక లేక వదిలేసిన పనిని ఇప్పుడు పళ్లబిగువున మొదలుపెట్టింది. లినక్స్‌లో వాడిన కంపైలర్‌నే తెచ్చి, దాని వెంట వచ్చే గొడవలన్నీ ఒక్కొక్కటే తీర్చి, అవే లైబ్రరీలు, అవే స్విచ్‌లు, అదే వరసలో పెట్టింది. వాల్టర్ రెండుసార్లు వచ్చి తెర చూసి వెళ్లాడు. పెరోగీలు చల్లారి నూనె గడ్డకట్టింది. మస్క్‌రాట్ ఎట్టకేలకు తప్పులేమీ లేకుండా తయారైంది. నమూనా వరద సరిపోయింది. ఇవాళ్టి నదిని పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈసారి లెక్క నలభై నిమిషాల్లోనే అయిపోయింది.

పదహారు.

"హమ్మయ్య! వచ్చాడు దారికి!" అని ఒడెట్ చప్పట్లు కొట్టింది. వాల్టర్ వచ్చి మూడు తెరల మీదా అంకెలు తన కళ్లతో చూసుకుని, తోరా భుజం తట్టాడు. పొద్దున్నుంచి కిటికీకి అతుక్కుపోయిన మనిషి ఒక పెరోగీ తీసుకుని, చల్లారినా ఫరవాలేదన్నట్టు తిన్నాడు. తోరాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. కిందటేటి దూడల బాకీ తీర్చేసినట్టు అనిపించింది.

రెండు కొట్టకముందే ఒడెట్ కబురు రాసి ఊళ్లకూ రేడియోకీ పంపేసింది. తోరా చెల్లెలికి ఫోన్ చేసింది.

"తోలకు రూనా. మూడూ ఒకటే మాట చెప్పాయి."

"నిజంగా?"

"నా మీద నమ్మకం లేదా?"

"ఉండబట్టేగా పొద్దున్నుంచి గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నా," అంది రూనా. గొంతు తేలికైంది. "ఆదివారం రా. వినార్‌టెర్టా కేకు చేస్తాను. అమ్మ చేసినట్టు ఏడు పొరలు రావు, ఐదుతో సరిపెట్టుకో."

నాలుగున్నర ప్రాంతంలో వాల్టర్ రెండు కప్పుల కాఫీ తెచ్చి ఒకటి తోరా ముందు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. బయట పొగమంచు బూడిదరంగుకి తిరుగుతోంది. తోరా తీగలు చుట్టి సొరుగులో పెడుతోంది.

"ఇంతకీ వాడికొచ్చిన రోగం ఏంటమ్మాయ్?" అన్నాడు తీరిగ్గా. "అప్‌డేటేనా?"

"కాదు. అది పొద్దున్నే వెనక్కి తిప్పేశాను. అయినా ఇరవై రెండే వచ్చింది."

"మరి లైబ్రరీలా?"

"అవీ కాదు. మార్చినా అదే వచ్చింది."

"మరి?"

"కంపైలర్ మార్చాక సరిపోయింది. అంటే, ఆ రెండింటిలాగే దీన్నీ చేశాను."

"అది మందు," అన్నాడు వాల్టర్. "నేనడిగింది రోగం."

చుట్టిన తీగ తోరా చేతిలోనే ఉండిపోయింది. పొద్దున్నుంచి చెమటోడ్చి పట్టుకున్న దొంగ ఎవరో తనకే తెలియదని అప్పుడు అర్థమైంది. తప్పు దొరకలేదు. తేడా మాత్రం మాయమైంది.

"ఒక్క నిమిషం," అని మళ్లీ లినక్స్ తెర ముందు కూర్చుంది.

పాత కంపైలర్‌కీ ఈ కంపైలర్‌కీ మధ్య తను మార్చినవి ఎన్నో లేవు. ఒక్కొక్కటే తీసి చూడటమే. ముందుగా వేగం స్విచ్ తీసింది. అది మొదట ఎందుకు తీసిందో ఆమె తరవాత ఎవరికీ చెప్పలేకపోయింది. బహుశా లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది. మస్క్‌రాట్‌ను మళ్లీ తయారుచేసి, వంతెన నుంచి రూనా పొలం దాకా ముక్కను నడిపింది. కాఫీ సగం తాగేలోపు అంకె వచ్చింది.

లినక్స్ ఇరవై రెండు అంది.

తోరా మ్యాక్‌లో కూడా స్విచ్ తీసేసి నడిపింది. ఒడెట్ "ఏయ్, నా దాన్ని ఏం చేస్తున్నావ్?" అంటూ వచ్చి, తోరా మొహం చూసి పక్కకు తప్పుకుంది. మ్యాక్ కూడా ఇరవై రెండు అంది.

"ఏం జరుగుతోంది?" అన్నాడు వాల్టర్.

తోరా ప్రొఫెసర్ రాసిన అసలు లెక్కను తెరిచి, గేజ్‌లు చదివే చోటికి వెళ్లింది. ఆయన అక్కడ ఒక ప్రశ్న పెట్టాడు. ఈ గేజ్ నుంచి వచ్చింది అంకేనా, ఖాళీయా? నది పెరుగుతున్న రోజున ఖాళీ వస్తే, గేజ్‌ను మంచు పట్టుకుపోయిందనుకో. అన్నిటికన్నా చెడ్డది జరిగిందనుకునే లెక్క వెయ్యి. నది మంచు ఎరిగిన మనిషి రాసిన లెక్క అది. వంతెన దగ్గర గేజ్ పలకకపోవడమే ఆయన లెక్కకు అన్నిటికన్నా పెద్ద కబురు.

ఖాళీలనేవే రావని తోరా కంపైలర్‌కి మాట ఇచ్చింది. కంపైలర్ ఆ మాట నమ్మింది. ఖాళీలు రానప్పుడు, ఖాళీ వచ్చిందా అని అడగడం దండగ కదా, ఆ ప్రశ్ననే కొట్టేసింది. ఆ ఖాళీ నిన్న సాయంత్రం చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది. మస్క్‌రాట్ దాన్ని పట్టించుకోకుండా, నిన్న మధ్యాహ్నం వంతెన దగ్గర ఉన్న మంచే ఇవాళా ఉందనుకుని పదహారు అని చెప్పింది. నమూనా వరదలో ఏ గేజూ చచ్చిపోలేదు. అందుకే పరీక్షలన్నీ నెగ్గాయి.

రెండు కంప్యూటర్లు ఒక మాట మీద ఉన్నాయని అందరూ ధైర్యంగా ఉన్నారు. ఒకే చేత్తో ఒకే దినుసులు వేసి రెండు గిన్నెల్లో వండితే, ఉప్పు రెండింటిలోనూ ఒకేలా తప్పుతుంది. అవి రెండు సాక్ష్యాలు కావు, ఒకే తప్పు రెండుసార్లు పలికింది. ఆ స్విచ్ లేని పాత కంపైలర్‌తో నిజం చెబుతున్నది మూడోది ఒక్కటే. పొద్దుటి నుంచి రెండింటిదాకా దాని చేత అబద్ధం చెప్పించడానికి తను పడ్డ కష్టమంతా తోరాకు కళ్ల ముందు తిరిగింది.

"గేజ్ బ్యాటరీ కాదు," అంది. "వంతెన దగ్గర మంచు అడ్డం పడింది. నిన్నే పడింది."

కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడు వినిపించింది, అప్పటికే వాల్టర్ ఫైర్ స్టేషన్ నంబర్ నొక్కుతున్నాడు. ఒడెట్ రేడియోవాళ్లకి చేస్తే ఎత్తడం లేదు, ఆన్సరింగ్ మెషీన్‌లోకి "ఆపండి, అది చదవకండి, బాబూ నీకు దండం పెడతా, ఎవరైనా ఫోన్ ఎత్తండి" అంటోంది. తోరా రూనాకి చేసింది, రెండుసార్లు కలవలేదు. మూడోసారి మోగింది.

"అక్కా! నీకు నూరేళ్లు," అంది రూనా నవ్వుతూ. వెనకాల గిన్నెల చప్పుడు, రేడియో పాట. "ఇప్పుడే నిన్ను తలుచుకుంటున్నాం."

"రూనా, మార్సెల్ ఎక్కడ?"

"కింద కొట్టంలో ఉన్నాడు. ఎర్రావు ఈనుతోంది. ఇంతసేపూ నిన్ను మెచ్చుకుని మెచ్చుకుని ఇప్పుడే దిగాడు. నువ్వు ఆ ఆఫీసులో చేరినప్పుడు నిన్ను కూడా తిట్టుకున్నానని సిగ్గుపడుతున్నాడు పాపం. నువ్వన్నట్టే అయిందిగా మరి!"

"నేనన్నట్టు ఏమైంది?"

"నది తగ్గిపోయిందక్కా! మధ్యాహ్నం నుంచి మోకాలి లోతు దిగింది. విల్లో చెట్ల కింద ఇసుక బయటపడింది, చిన్నప్పుడు ఎండాకాలంలో చూసేవాళ్లమే అలా. మంద మొత్తాన్నీ గట్టు కిందికి వదిలేశాం, కాస్త పొడి నేల మీద పడుకుంటాయని."

తోరా కళ్లు గట్టిగా మూసుకుంది. "రూనా, నా మాట విను. మార్సెల్‌ని పిలు. ఆవుల్ని వదిలెయ్యండి. ఇద్దరూ పై రోడ్డుకి పరిగెత్తండి. ఇప్పుడే. నేను చెప్పింది తప్పు. నీళ్లు పైన ఆగిపోయాయి."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"నువ్వే కదక్కా..." అంది రూనా. కోపం కాదు, అర్థం కాక అడిగింది. "మూడూ ఒకటే చెప్పాయన్నావు."

"నేనే చెప్పించాను. పరిగెత్తు రూనా!"

"ఆయన ఫోన్ ఇక్కడే వదిలి వెళ్లాడు..." అని, ఆ తరవాత చేతిలోది బల్ల మీద పడేసిన చప్పుడు. తలుపు దడాలున తెరుచుకుంది. "మార్సెల్!" అని కేక. కుక్క మొరగడం మొదలుపెట్టింది. "మార్సెల్! వదిలెయ్ దాన్ని, వచ్చెయ్!" ఆ కేక ఇంటి మెట్లు దిగి, వాకిలి దాటి, గట్టు వైపు దూరమవుతోంది. పై రోడ్డు అటు కాదు. తోరా ఫోన్‌లోకి అరిచింది, వెనక్కి రమ్మని, అటు వెళ్లొద్దని. వంటింట్లో వినేవాళ్లెవరూ లేరు.

రేడియోలో పాట అయిపోయింది. ఐదింటి వార్తలు మొదలయ్యాయి. టాల్‌బెర్గ్ నది సంఘం నుంచి అందిన కబురు, అని ఎవరో హాయిగా చదువుతున్నారు. ఒడెట్ రాసిన మాటలే, అక్షరం పొల్లుపోలేదు. మూడు కంప్యూటర్ల లెక్కా ఒక్కటైంది, గట్టు పొంగే భయం లేదు, పశువుల్ని కదిలించాల్సిన పని లేదు, ఎక్కడివాళ్లు అక్కడ నిశ్చింతగా ఉండవచ్చు.

ఆ గొంతు వెనకాల, తెరిచి ఉన్న తలుపులోంచి, దూరంగా గూడ్సు బండి వస్తున్నట్టు ఒక మోత వినిపించింది. అది మెల్లగా పెరుగుతోంది. కుక్క మొరగడం మానేసింది. తోరా ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని వింటూనే ఉంది. ఆ వంతెన మీద రైళ్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది.